కూత తెగని పిల్ల

మధ్య గీత దాటి మా మేనకోడలు అవతలి వైపు అడుగుపెట్టేసరికి రెండు జట్ల పాయింట్లు సమానంగా ఉన్నాయి. అంతకుముందు మా పిల్లలు వరుసగా రెండుసార్లు కూతకు వెళ్లి ఎవరినీ తాకకుండా తిరిగొచ్చారు. ఈసారి కూడా వట్టి చేతులతో వస్తే వెళ్లిన పిల్లే ఔటు. ఆటలో మిగిలింది ఆ ఒక్క కూతే.

భూపాలపల్లిలో సాయంత్రం. గనిలో డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా మైదానానికి వచ్చినవాళ్లు ప్రహరీ గోడ మీద వరుసగా కూర్చున్నారు. “కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ” అని ఆమె గొంతు లేవగానే గోడ మీద మాటలు ఆగిపోయాయి. ఎడమ మూలకు పోయింది, కుడికి తిరిగింది, కాలు చాచింది. మూలనున్న పిల్ల ఆ చీలమండను దొరకబుచ్చుకుంది. ఇంకొకతి నడుము పట్టింది. మా మేనకోడలు బోర్లా పడింది. పడింది గానీ కూత ఆపలేదు. ఇద్దరినీ ఈడ్చుకుంటూ మట్టిలో పాకింది.

“దమ్ము తెగింది సార్! తెగింది!” అని అవతలి జట్టు ఒక్కటే గోల.

రెఫరీ మోకాళ్ల మీద వంగి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు. వేళ్లు గీతను తాకిన తర్వాత కూడా ఆ పిల్ల “కబడ్డీ, కబడ్డీ” అంటూనే ఉంది, ఇంకా ఎవరికైనా అనుమానముంటే తీరిపోవాలన్నట్టు. రెఫరీ లేచి మా వైపు చేయి చాచి రెండు వేళ్లు చూపించాడు.

నా పక్కన నిలబడ్డ మా చెల్లె గీతను చూడనేలేదు. గొంతు కింద రెండు ఎముకల నడుమ ఒక గుంట ఉంటుంది. బిడ్డకు ఊపిరి ఆడనప్పుడల్లా ఆ గుంట లోపలికి లాగుతుంది. ఏళ్ల తరబడి దాన్నే చూస్తూ బతికిన తల్లి ఇప్పుడూ దాన్నే చూస్తోంది.

“లాగుతలేదన్నా,” అంది నా చేయి పట్టుకుని. “సూడు జర, ఏం లాగుతలేదు.”

మిగతా వాళ్లంతా పిల్లను భుజాల మీదికి ఎత్తుకున్న తర్వాత గానీ, గెలిచామన్న సంగతి ఆమెకు తెలియలేదు.

మా చెల్లెది మహబూబాబాద్ జిల్లా, కురవికి దగ్గర్లోని ఊరు. కొంచెం వరి, ఎక్కువగా మిరప. మాఘం దాటిందంటే ఇంటి వెనక కల్లం ఎర్రగా నిండుతుంది. ఎండిన కాయ తొడిమలు తీస్తుంటే, బస్తాల్లో తొక్కుతుంటే ఊళ్లో తుమ్మనివాళ్లు ఉండరు. అలాంటి ఇంట్లో ఈ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. ముందు పొడి దగ్గు, తర్వాత ఛాతీలో పిల్లి కూసినట్టు సన్నని చప్పుడు, ఆ తర్వాత రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం వెతుక్కోవడం. కారణం ఏమిటని ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని ఉందనుకోలేదు. కళ్లముందు అంత మిరపకాయ ఉండగా వేరే దోషిని ఎవరు వెతుకుతారు?

హైస్కూల్లో పీఈటీ సారు ఆడపిల్లల కబడ్డీ జట్టు కట్టినప్పుడు అసలు చిక్కు వచ్చింది. మా మేనకోడలికి కాళ్లు మెరుపు. తాకిందంటే తాకినట్టే. కానీ కూత పది పదిహేనుసార్లు అనేసరికి గొంతు సన్నబడి, మాట తెగిపోయేది. కూత తెగితే ఔటు. సారు మంచివాడే. “కాళ్లు మంచిగున్నయ్ బిడ్డా, దమ్మే లేదు,” అని బెంచీ మీద కూర్చోబెట్టాడు. అందరికీ నీళ్లు అందించే పని ఇచ్చాడు. వచ్చే ఏడాది కూడా ఇంతేనైతే జట్టులో పేరుండదని తల్లికి చెప్పి పంపాడు. ఆ రోజు ఆ పిల్ల అన్నం తినలేదని చెల్లె ఫోన్ చేసింది. ఇంట్లో మిగతావాళ్లకు అది ఆట. ఆ పిల్లకు మాత్రం, తాను బెంచీ మీద కూర్చోవాల్సిన మనిషినా, గీత దాటాల్సిన మనిషినా అన్నది తేలే చోటు.

“మామా, నన్ను మీ ఇంటికి తీస్కపో. మిర్చి సీజన్ అయిపోయేదాంక ఆడనే ఉంట. ఈడ ఉంటే నా దమ్ము ఎన్నటికీ పెరగది,” అంది ఫోన్లో.

నాది జనగామ. జిల్లా పేజీకి వార్తలు రాసి రాసి రిటైరైనవాణ్ణి. పిల్లను తీసుకొచ్చాం. ఇంటి చుట్టూ నాలుగు మైళ్ల దాకా మిరప చెట్టు లేదు. అయినా వచ్చిన వారంలోనే, పొద్దున్నే పళ్లు తోముకుంటూ కూలబడిపోయింది. పెదవులు రంగు మారాయి. ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికాం. ముఖానికి మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టాక మనిషిలా అయింది.

“పత్తి మిల్లుల దుమ్ము ఇటు కొడుతుంది డాక్టరమ్మా, దానివల్లే,” అన్నాను. జనగామ మీద ఎన్నో వార్తలు రాసినవాణ్ణి కదా, కారణం నాకే తెలిసినట్టు మాట్లాడాను.

ఛాతీ జబ్బుల డాక్టరమ్మ నా మాట పూర్తిగా విన్నది. విని, నన్ను వదిలేసి పిల్లవైపు తిరిగింది.

“మిర్చి కల్లం ఊర్లనే ఉన్నది, నువ్వు ఈడికొచ్చినవ్. మరి నీతోని ఏమేం వచ్చినయ్ బిడ్డా?”

“బట్టలు, పుస్తకాలు,” అంది పిల్ల. కొంచెం ఆలోచించి, “బొంత,” అంది.

ఆ బొంత గురించి చెప్పాలి. మా చెల్లె అత్తగారు, మేమంతా అవ్వ అని, పిల్ల బాపమ్మ అని పిలిచే మనిషి, తన చేత్తో కుట్టింది. పాత చీరలు, వాటి నడుమ చనిపోయిన భర్త పంచెలు పొరలు పొరలుగా పరిచి, నూలు దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. ఎత్తితే చేతులు గుంజుతాయి. ఊళ్లో అందరూ ఏడాదికొకసారి బొంతలు వాగుకు మోసుకుపోయి ఉతికి బండల మీద ఆరేస్తారు. ఈ ఒక్క బొంతను మాత్రం అవ్వ ఎన్నడూ వాగుకు పోనివ్వలేదు. ఉతికితే తాత వాసన పోతుందని. మనవరాలికి ఆయాసం వచ్చినప్పుడల్లా, సల్లగాలి తగిలిందని, ఆ బొంతనే తల మీదుగా కప్పి, అంచులు రెండు వైపులా ఒంటి కిందికి మడిచేది. ప్రేమ ఉన్నచోటే అలా కప్పుతారు. పిల్ల జనగామ వస్తుంటే, కొత్త ఊరిలో జలుబు చేస్తుందని దాన్ని మడిచి సంచిలో కుక్కింది కూడా అవ్వే.

డాక్టరమ్మ రక్త పరీక్ష రాసింది. నమూనా హైదరాబాద్ వెళ్లి, ఫలితం వచ్చింది. పత్తి దుమ్ము తప్పేమీ లేదు. మిరప ఘాటు ఎవరి ముక్కునైనా మండిస్తుంది గానీ అది వేరే సంగతి, అలర్జీ కాదు అంది డాక్టరమ్మ. పడనిది పరుపుల్లో, బొంతల్లో ఉండే దుమ్ము పురుగు. కంటికి కనిపించనంత చిన్నది.

“గంత చిన్న పురుగు ఇంత పెద్ద పిల్లను పడగొడతదా?” అన్నాను.

“పురుగు ఏం చెయ్యలే సార్. చేసేదంతా పిల్ల ఒంట్లోని కణాలే,” అంది ఆమె.

ఆ మాట నన్ను పట్టుకుంది. తర్వాత పరీక్షకు పిల్లను తీసుకెళ్లిన ప్రతిసారీ కొంచెం కొంచెం అడిగి తెలుసుకున్నాను. పేపరులో పనిచేసినవాడికి అదంతా తెలిసిన వ్యవహారంలాగే కనిపించింది, ఎందుకంటే ఒంట్లో జరిగేది కూడా వార్తలు చేరవేయడమే.

ఆ పురుగు కుట్టదు, కరవదు. మన ఒంటి మీద రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. దాని రెట్టలో ఉండే ప్రొటీన్లతోనే పేచీ. బొంత కింద ఊపిరి తీస్తే అవి శ్వాసనాళం లోపలి పొర మీద వాలతాయి. ఆ పొరలోని కణాలు ఉలిక్కిపడి ప్రమాదమని రసాయనాలు వదులుతాయి. కాపలా కణాలు వచ్చి ఆ ప్రొటీన్ ముక్కను పట్టుకుని, దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకుపోయి టి కణాలు అనే తెల్ల రక్తకణాలకు చూపిస్తాయి. ఇక్కడే తప్పు జరుగుతుంది. బస్టాండులో ఇద్దరు తోసుకుంటే ఊరంతా తగలబడుతోందని ఫోన్ చేసే విలేకరులు మాకూ ఉండేవారు. టి కణాల దగ్గరికి అలాంటి వార్తే వెళ్తుంది. అవి నమ్ముతాయి. నమ్మి, ఇంటర్‌ల్యూకిన్లు అనే సందేశాలు నలుదిక్కులా పంపుతాయి. ఒక రకం సందేశం అందుకున్న బి కణాలు ఐజీఈ అనే యాంటీబాడీని తయారు చేస్తాయి. ఇంకో రకం సందేశం ఇయోసినోఫిల్స్ అనే కణాలను ఊపిరితిత్తుల వైపు పిలుస్తుంది. తయారైన ఐజీఈ పోయి, శ్వాసనాళాల పక్కన కాచుకుని ఉండే మాస్ట్ కణాల ఒంటి మీద కూర్చుంటుంది. అప్పటికి ఇంకా ఆయాసం లేదు. సరంజామా సిద్ధమైందంతే.

మాస్ట్ కణం తొందరపాటు మనిషి కాదు. ఒక్క ఐజీఈకి ఆ ప్రొటీన్ తగిలితే అది కదలదు. పక్కపక్కనే ఉన్న రెండింటిని ఒకే ముక్క పట్టి కలపాలి. మా డెస్కులోనూ అదే నియమం ఉండేది. ఒక్కరి మాట మీద వార్త వేయొద్దు, రెండో మనిషి కూడా చెప్పాలి. కానీ ఆ ఇద్దరూ ఒకే పుకారు విన్నవాళ్లయితే నియమం ఏం కాపాడుతుంది? రెండు ఐజీఈలు కలవగానే కణం లోపల కబురు పరుగెత్తుతుంది. ఒక ఎంజైము ఇంకోదాన్ని తట్టి లేపుతుంది, అది మరోదాన్ని. కాల్షియం ఒక్కసారిగా పోటెత్తుతుంది. అప్పటిదాకా మూసి ఉన్న చిన్న చిన్న సంచులు తెరుచుకుని హిస్టమిన్ అనే రసాయనం బయటపడుతుంది. వెనకే అలాంటివే ఇంకొన్ని, ల్యూకోట్రయీన్లు. నిమిషాల్లో నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. కొన్ని గంటలు గడిచాక ఇయోసినోఫిల్స్ చేరుకుని రెండో విడత మొదలవుతుంది. వాపు, జిగట కఫం. ఇంట్లోవాళ్లు అది చూసి మళ్లీ బొంత కప్పుతారు.

అదంతా విన్న రోజు, కల్లం దగ్గర తుమ్ముకుంటూ మేమంతా ఏళ్ల తరబడి తిట్టిన మిరపకాయ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మందులు రెండు రకాల పంపులు, అంటే ఇన్‌హేలర్లు. ఒకటి బిగిసిన కండరాన్ని వెంటనే వదులు చేస్తుంది. అది ఆపదకు. రెండోది స్టెరాయిడ్, రోజూ పీల్చాలి. అది కణం లోపలికి, ఇంకా లోపల జన్యువులుండే కేంద్రకం దాకా పోయి, ఆ సందేశాలు తయారవడాన్నే తగ్గిస్తుంది. తప్పు వార్త అచ్చుకు పోకముందే పేజీ ఆపడం లాంటిది. అయితే ఆపదకు వాడేది పీలిస్తే హాయి కళ్లముందే కనిపిస్తుంది, రోజూ వాడేదానితో ఏమీ జరిగినట్టుండదు. అందుకని, పిల్ల ఊరికి తిరిగొచ్చిన మొదటి నెలలోనే చెల్లె రెండోదాన్ని దాచేసింది.

“పిల్ల మంచిగనే ఉన్నదన్నా. పంపు పడితె జిందగీ అంత వదలదట. రేపు ఏమన్న అయితే?”

డాక్టరమ్మ ఫోన్లోనే ఆమెను పట్టుకుంది. “మంచిగ ఎందుకున్నదో తెలుసా అమ్మా? ఆ పంపు వల్లనే. నువ్వు దాచిన తెల్లారి నుంచి లోపల మళ్ల వాపు మొదలైతది, నీకు కనపడది. పిల్ల మీద కోపమా?”

పంపు అలమారలోంచి బయటికొచ్చింది.

బొంత సంగతి అంత తేలిగ్గా తేలలేదు. కాలే నీళ్లలో ఉతకాలి, లేకపోతే పారేయాలి అంది డాక్టరమ్మ. ఈ మాట అవ్వకు ఎవరు చెప్పాలి? చెల్లె భయపడింది. చెల్లె భర్త కల్లంలో పనుందని జారుకున్నాడు. చివరికి నేనే, మా ఇంట్లో ఉంచేసిన బొంతను మోసుకుని వెళ్లి చెప్పాను. పురుగు గురించి, పిల్ల ఒంట్లో కణాలు మోసుకుపోయే తప్పుడు కబుర్ల గురించి నాకు తెలిసినంత చెప్పాను. అవ్వ తమలపాకు నములుతూ విన్నది. పిల్ల గడప దగ్గర నిలబడి వింటోంది.

“అంటే నేను కప్పినప్పుడల్ల పోరికి ఇంకింత ఎక్కువైందా?”

నేను తలూపాను. తలూపకుండా తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

అవ్వ తమలపాకు ఉమ్మేసింది. తర్వాత లేచి, పెళ్లిళ్లకు అన్నం వండే పెద్ద గంగాళాన్ని పెరట్లోకి దొర్లించుకుంటూ వచ్చింది. పొయ్యి పెట్టింది. నీళ్లు మరిగాక బొంతను తానే ఎత్తి అందులో వేసి, కర్రతో లోపలికి అదిమింది. మేమంతా ఆమె ముఖం చూడలేక గంగాళాన్ని చూస్తున్నాం.

“బతికున్నన్ని దినాలు తానం జెయ్యమంటే ఇనకపాయె ముసలోడు,” అంది అవ్వ, కర్ర తిప్పుతూ. “ఇగ ఉడకని.”

ముందు పిల్ల నవ్వింది. తర్వాత చెల్లె. అవ్వ కూడా నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుంది. పొగ వల్ల అంది. బొంతను మిరప కల్లం మీదే మూడు పగళ్లు బోర్లించి తిరగేసి ఆరబెట్టారు. ఆ తర్వాత నుంచి పిల్లకు కప్పుకోవడానికి పలచని దుప్పటి, అది కూడా వారం వారం వేడినీళ్లలో ఉతికినదే. ఉడికిన బొంతను మడిచి అవ్వ తన మంచం మీద వేసుకుంది. ఆమెకు ఏ ఆయాసమూ లేదు.

రెండు నెలలు గడిచేసరికి తేడా తెలిసింది. మెట్లెక్కి వచ్చి మాట్లాడితే మాట మధ్యలో ఆగేది కాదు. పీఈటీ సారు పొద్దున్నే ఎస్సారెస్పీ కాలువ గట్టు మీద ఉరికించేవాడు. ఉరికొచ్చాక, నిలబెట్టి కూత పెట్టించేవాడు. ఇంటికొచ్చాక కూడా పిల్ల పెరట్లో అదే పని.

“ఏందే, పొద్దుగాల పొద్దుగాల మేకలెక్క అరుస్తున్నవ్?” అనేది అవ్వ.

“దమ్ము బాపమ్మా, దమ్ము!”

“దమ్ముంటే రెండు బిందెల నీళ్లు తే.”

బిందెలు మోస్తూ కూడా కూత పెట్టేది. ఒకరోజు సారు ఆమె కూత ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి, ఇంకోసారి చూసి, బెంచీ మీద నీళ్ల సీసాలు అందించే పనికి ఇక వేరే పిల్లను పెడతానన్నాడు. ఆ సాయంత్రం పిల్ల నాకు ఫోన్ చేసి ఆ మాట నాలుగుసార్లు చెప్పింది.

భూపాలపల్లి పోటీలకు వ్యాన్ కట్టుకుని పోయాం. అవ్వ కూడా వస్తానని ముందు సీట్లో కూర్చుంది. ఫైనల్ కాసేపట్లో మొదలవుతుందనగా, డాక్టరమ్మ చెప్పినట్టే మా మేనకోడలు ఆపద పంపును రెండుసార్లు పీల్చింది. అవతలి జట్టు కోచ్ అది చూశాడు.

“ఏంది సార్ గిది? మందు పీల్పించి ఆడిపిస్తున్నరు పిల్లను! నేనొప్పుకోను,” అని నిర్వాహకుల టేబుల్ దగ్గరికి పోయాడు.

జట్టంతా పాలిపోయింది. పిల్ల చేతిలో పంపు పట్టుకుని, అది దాచాలో చూపించాలో తెలియక నిలబడింది. అవ్వ కుర్చీలోంచి లేచింది.

“ఇగో బాబూ, గా పంపు జర నువ్వు గూడ పీల్చి ఉరుకు. సూస్తం, ఎన్నడుగులు పోతవో!”

గోడ మీద కూర్చున్న గని కార్మికులు పగలబడి నవ్వారు. నిర్వాహకులు మైదానంలో ఉన్న ఆరోగ్య సిబ్బందిని పిలిచి అడిగారు. ఆయాసం ఉన్నవాళ్లు ఈ మందు డాక్టరు చెప్పిన మోతాదులో పీల్చవచ్చని, అది ఆయాసం లేనివాళ్లతో సమానంగా నిలబెడుతుందే గానీ ఎక్కువ బలం ఇవ్వదని నర్సమ్మ చెప్పింది. కోచ్ వెనక్కి పోయి కూర్చున్నాడు. తర్వాత ఏం జరిగిందో మొదటే చెప్పాను.

కప్పు అందుకున్నాక ఆ కోచ్ మా దగ్గరికి వచ్చాడు. పొట్లాటకేమో అనుకున్నాం. “మా తమ్ముని బిడ్డకు గూడ గిట్లనే ఉన్నదక్కా. ఆ డాక్టరమ్మ ఏడ కూసుంటది?” అని చెల్లెను అడిగాడు. చెల్లె దారి చెప్పింది, ఏ బస్సు ఎక్కాలో చెప్పింది, బొంత ఉంటే ముందు ఉడకబెట్టమని చెప్పింది. తిరుగు ప్రయాణంలో పిల్లలు వ్యాన్ కిటికీల్లోంచి కూత పెట్టారు. దారిలో చాయ్ తాగుదామని ఆపితే హోటల్ వాళ్లు కూడా కలిశారు. అందరికంటే ఎక్కువసేపు లాగింది మా మేనకోడలే. ఆమె ఆపాక, అవ్వ “ఇంతేనా?” అంది.

పోయిన నెల పిల్ల జనగామ వచ్చింది. రాష్ట్ర శిబిరానికి ఎంపికైంది, పోయే ముందు డాక్టరమ్మకు చూపించుకోవాలి. గొట్టంలో ఊది చూపిస్తే, ఆ వయసు పిల్లలకు ఉండాల్సినంత గాలి వచ్చింది. డాక్టరమ్మ ఇంకోసారి ఊదించి, చప్పట్లు కొట్టింది.

“మేడం, మరి ఇగ పంపు బంద్ చెయ్యొచ్చా?” అడిగింది పిల్ల.

“తగ్గిద్దాం. మెల్లమెల్లగ. ఒక్కసారి బంద్ పెడితె మాత్రం కొడత.”

“తర్వాత పూరాగ పోతదా?”

డాక్టరమ్మ తగ్గించిన మోతాదు చీటీ మీద రాసింది. కొందరు పిల్లల్లో ఆయాసం ఏళ్లపాటు నిద్రపోతుందని, కొందరిలో లేనే లేనట్టుగా ఉండి పెద్దయ్యాక తిరిగొస్తుందని చెప్పింది. పురుగు ప్రొటీన్‌ను ఒకసారి శత్రువని గుర్తుపెట్టుకున్న టి కణాల్లో కొన్ని ఒంట్లో చాలాకాలం ఉండిపోతాయట. ఏ పిల్లలో అవి ఊరుకుంటాయో, ఏ పిల్లలో మళ్లీ కబురు పంపుతాయో ముందుగా చెప్పగలిగే పరీక్ష ఇప్పటికైతే లేదు.